పడమటి కిటికీకి రోలర్ బ్లైండ్ కోసుకున్న విధానం

నల్లగొండ ఎండ సంగతి ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. మే నెలలో 44, 45 డిగ్రీలు మాకు కొత్త కాదు. మా ఇంట్లో మాత్రం అసలు బాధ మధ్యాహ్నం మూడు దాటాక మొదలవుతుంది. పడమటి గది కిటికీకి పైన సజ్జ ఉంది గానీ, పొద్దు వాలేకొద్దీ ఎండ సజ్జ కింద నుంచి దూరి నేరుగా మంచం మీదికే వస్తుంది. అమ్మకు శుక్లాల ఆపరేషన్ అయినప్పటి నుంచి ఆ వెలుతురు అస్సలు పడటం లేదు. పరదా వేస్తే గాలికి ఎగిరిపోతుంది, కాస్త జరిగిందంటే మళ్లీ ఎండ మొహం మీదే. అందుకని రోలర్ బ్లైండ్, అంటే గొలుసు లాగితే పైన ట్యూబ్‌కు చుట్టుకునే గుడ్డ తెర, వేద్దామనుకున్నాను.

ఒక మాట ముందే చెప్పాలి. బ్లైండ్ లోపల వేసేది కాబట్టి వేడి మొత్తం ఆగదు. ఎండ అద్దం దాటి లోపలికి వచ్చాకే కదా దానికి తగిలేది! వేడి ఆగాలంటే కిటికీ బయట వట్టివేళ్ల తడకే మేలు. నాకు కావాల్సింది ముందు వెలుతురు ఆగడం. వెనక వైపు తెల్ల పూత ఉన్న బ్లాకౌట్ గుడ్డ (వెలుతురు దాటనివ్వనిది) తీసుకుంటే కొంత ఎండ తిరిగి బయటికే పోతుంది, అంతవరకు లాభమే.

చిక్కంతా కొలతల దగ్గర. రెడీమేడ్ బ్లైండ్లు 60, 90, 120 సెంటీమీటర్లు, ఇలా కొన్ని సైజుల్లోనే దొరుకుతాయి. మన కిటికీలేమో వడ్రంగి అడుగులు, అంగుళాల లెక్కన చేసినవి. ఆపైన ప్లాస్టరింగ్‌లో మేస్త్రీ చెయ్యి ఎటు తిరిగితే అటు. కొలతకు చేసిచ్చేవాళ్లు ఉన్నారు గానీ ఒక్క కిటికీ అంటే ఎవరూ ఆసక్తి చూపించలేదు. 120 సైజుది కొని ఇంట్లోనే కోసుకున్నాను. ఓపిక ఉంటే ఎవరైనా చేసుకోగలిగిన పనే ఇది. ట్యూబ్ కోయడం గురించి అందరూ టెన్షన్ పడతారు, నా లెక్కన మాత్రం గుడ్డే ముఖ్యం. గుడ్డ నేత ఎటు పోతోందో చూసి కోస్తే తర్వాతి తలనొప్పులు చాలావరకు తప్పుతాయి.

ముందు కిటికీ గూడు లోపల వెడల్పు పైన, మధ్యలో, కింద మూడు చోట్లా కొలవాలి. మాది పైన 115.9, మధ్యలో 115.4, కింద 115.6 సెంటీమీటర్లు వచ్చింది. అన్నిటికంటే తక్కువదే లెక్క. బ్రాకెట్లు పైనే ఉంటాయి కదా అని పై కొలతే తీసుకుంటే, గూడు మరీ వంకరైతే గుడ్డ అడుగున ఉండే కింది పట్టీ దిగేటప్పుడు మధ్యలో గోడకు రాసుకోవచ్చు. 115.4లో 4 మిల్లీమీటర్లు వదులు ఉంచి 115 అనుకున్నాను. అంటే 120లోంచి 5 సెంటీమీటర్లు పోవాలి.

ఇక్కడ చాలామంది తికమకపడతారు. డబ్బా మీద 120 అని ఉండేది ఒక్కోసారి బ్రాకెట్లతో కలిపి కొలత, ఒక్కోసారి గుడ్డ కొలత. మాది బ్రాకెట్లతో కలిపి 120, గుడ్డ 116.5. ఈ తేడాలతో కొత్త లెక్కలు వేయొద్దు. మొత్తం మీద ఎంత తగ్గాలో చూసుకుని ట్యూబ్, గుడ్డ, కింది పట్టీ మూడింట్లోనూ సరిగ్గా అంతే తగ్గిస్తే, కంపెనీ వాళ్లు వదిలిన సందులు ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి.

కోసేది కూడా గొలుసు లేని వైపే. గొలుసు వైపు ప్లాస్టిక్ చక్రం ఉంటుంది, దాన్ని ముట్టుకోవద్దు. రెండో వైపు చిన్న మొల ఉన్న బిరడా ఉంటుంది, మెల్లగా తిప్పుతూ లాగితే ఊడి వస్తుంది. స్ప్రింగ్‌తో పనిచేసే బ్లైండ్ అయితే ఈ పద్ధతి పనికిరాదు, అందులో స్ప్రింగ్ బిగువుగా చుట్టుకుని ఉంటుంది.

గుడ్డ చుట్టి ఉండగానే ట్యూబ్‌తో కలిపి రంపంతో కోసేయొచ్చని కొందరంటారు. నేను ఒప్పుకోను, రంపం పళ్లకు గుడ్డ అంచు పీచుపీచు అవుతుంది. గుడ్డ మొత్తం విప్పి, ట్యూబ్ మీద అది ఎక్కడ మొదలైందో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుని, ఊడదీశాను. మాది డబుల్ సైడ్ టేప్‌తో అంటించింది, తేలిగ్గానే వచ్చింది.

ట్యూబ్ అల్యూమినియంది, హాక్సా బ్లేడ్‌కు సులువుగా తెగుతుంది. సన్న పళ్ల బ్లేడ్ వాడాలి. గుండ్రటిదాని మీద తిన్నని గీత రావాలంటే ఒక కాగితం పట్టీని ట్యూబ్ చుట్టూ చుట్టి, దాని అంచులు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చునేలా చూసి గీస్తే చాలు. కోశాక అంచును ఆకురాయితో రుద్ది, ఉప్పు కాగితంతో నున్నగా చేశాను. అక్కడ చిన్న ముల్లు మిగిలినా చుట్టిన ప్రతిసారీ గుడ్డను గీరుతుంది.

ఇక గుడ్డ. ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టెను విప్పి నేల మీద పరిచి, దాని మీద గుడ్డ వేశాను. అంచు నుంచి 5 సెంటీమీటర్ల దగ్గర జానెడుకొక గుర్తు పెట్టి, స్కేలుతో గీత గీయబోతుంటే అమ్మ వచ్చి కూర్చుంది. మాది గట్టుప్పల్, నల్లగొండ జిల్లాలో చేనేత ఊరు. అమ్మ పెళ్లికి ముందు నుంచీ మగ్గం మీదే ఉంది. గుడ్డను తిరగేసి పూత లేని వైపు పైకి తెచ్చింది. కళ్లు దగ్గర పెట్టి చూడలేదు. బొటనవేలి గోరు అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి లాగింది. అడ్డంగా లాగితే గోరు టకటకమంటూ పోయింది, నిలువుగా లాగితే జారిపోయింది.

"గీత గీయకు బిడ్డా. పడుగు గిట్ల పోతున్నది, దాని ఎంబడి కొయ్యి" అంది.

నా మొదటి గుర్తు దగ్గర ఒక పోగును గోటితో పట్టుకుని, ఎక్కడా వదలకుండా కింది దాకా గోరు జార్చుకుంటూ వెళ్లింది. నేను ఆమె గోరు వెంట చుక్కలు పెట్టాను. ఆ చుక్కలు నా గుర్తుల మీదుగానే పోయాయి, చివర్లో మాత్రం ఒక మిల్లీమీటరు లోపలికి వచ్చాయి. పోగు ఎటు పోతే అటే కోశాం.

బ్లైండ్ గుడ్డలో మామూలుగా పడుగు పైనుంచి కిందికి, పేక అడ్డంగా ఉంటుంది. పడుగు వెంట కోస్తే మహా అయితే ఒక్క పోగు పొడుగ్గా వదులవుతుంది, దాన్ని కత్తిరించేస్తే సరి. కాస్త ఏటవాలుగా కోస్తే పదుల కొద్దీ పోగులు మధ్యలో తెగి, అంచు పొడుగునా చిన్న చిన్న కొసలు మిగులుతాయి. పైకీ కిందికీ చుట్టేకొద్దీ అవి ఒక్కొక్కటే లేస్తాయి. పూత దిట్టంగా ఉన్న గుడ్డకు ఈ బాధ తక్కువ. వెలుతురు వడకట్టే పల్చటి గుడ్డ అయితే మాత్రం ఇది తప్పనిసరి, కోసిన అంచుకు గుడ్డల గమ్ కూడా పల్చగా రాయాలి. కంపెనీ అంచుకూ పోగుకూ తేడా మరీ ఎక్కువగా కనిపిస్తే ఆ గుడ్డే వంకర, కోయకుండా వాపసు ఇచ్చేయడం మంచిది.

కత్తెర వద్దు. పేపర్ కట్టర్‌లో కొత్త మొన విరిచి తీసుకుని, స్టీలు స్కేలు ఆనించి, ఒత్తిడి లేకుండా రెండు మూడు సార్లు లాగాలి. ఒక్కసారే గట్టిగా నొక్కితే గుడ్డ మొన ముందు ముడుచుకుపోతుంది. స్కేలు జరగకుండా ఒకవైపు అమ్మ పట్టుకుంది, ఇంకోవైపు నా మోకాలు. కింది పట్టీని కూడా అంతే కోసి, మూత పెట్టి, గుడ్డ మడతలోకి దూర్చాను.

తిరిగి అంటించేటప్పుడు గుడ్డ పై అంచు ట్యూబ్‌కు సమంగా ఉండాలి. మా ట్యూబ్ మీద పొడుగునా ఒక గాడి ఉంది, గుడ్డ అంచును దానికి ఆనించి కొత్త టేప్‌తో అంటించాను. బ్రాకెట్లకు మూలమట్టంతో పని లేదు, రసమట్టం (స్పిరిట్ లెవెల్) కావాలి. కిటికీ గూడు పైభాగం వంకర ఉండొచ్చు, దాన్ని నమ్మకుండా రెండు బ్రాకెట్లనూ రసమట్టంతోనే చూసుకోవాలి. చౌకట్టు కర్రదైతే స్క్రూలు చాలు. మాకు పైన కాంక్రీటు కాబట్టి డ్రిల్లింగ్ మెషిన్ తెచ్చి ప్లాస్టిక్ ప్లగ్గులు వేశాం.

బిగించాక పైకీ కిందికీ తిప్పి చూస్తే గుడ్డ కుడివైపుకు కొద్దిగా జరుగుతోంది. మగ్గం మీద బట్ట ఒకవైపు లూజుగా చుట్టుకుంటే ఆ పక్కన కాగితం ముక్క పెట్టేవాళ్లమని అమ్మ చెప్పింది. బ్లైండ్‌కూ మందు అదే. గుడ్డను పూర్తిగా దించి, అది ఎటు జరగాలో ఆ వైపు, అంటే మాకు ఎడమ వైపు, ట్యూబ్ మీద చిన్న టేప్ ముక్క అంటించాలి. ఆ వైపు ట్యూబ్ కాస్త లావై గుడ్డను తన వైపు లాక్కుంటుంది. సరిపోకపోతే ఇంకో ముక్క వేయాలి.

రెండు పక్కలా వేలెడు సందులో సన్నటి వెలుతురు గీతలు వస్తాయి. గూడు లోపల బిగించే మామూలు రోలర్ బ్లైండ్‌కు అవి తప్పవు. పూర్తి చీకటి కావాలనుకుంటే గోడ మీదే, కిటికీ కంటే రెండు పక్కలా ఎక్కువ వచ్చేలా వేసుకోవాలి. అప్పుడు అసలు కోయాల్సిన పనే ఉండకపోవచ్చు.

చివరిది గొలుసు. దాన్ని వేలాడనివ్వొద్దు. సెలవుల్లో మా ఇంటికి చిన్నపిల్లలు వస్తారు, గొలుసు ఉచ్చులా మెడకు పడే ప్రమాదం నిజంగానే ఉంది. డబ్బాలో గొలుసును గోడకు పట్టి ఉంచే ప్లాస్టిక్ క్లిప్పు ఒకటి ఇస్తారు, చాలామంది దాన్ని బిగించకుండా పక్కన పెట్టేస్తారు. దాన్ని గోడకు కొట్టి గొలుసు బిగువుగా ఉండేలా చూడండి, కింద మంచం గానీ కుర్చీ గానీ ఉంటే పక్కకు జరపండి. మేం అమ్మ మంచాన్ని రెండో గోడ వైపు వేశాం.