కంపార్ట్‌మెంట్‌లో తొమ్మిది గంటలు: ఎదురుచూపు వెర్బుల గొడవ

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకి స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పెట్టే సీజీఎల్ పరీక్ష మొదటి దశ, టైర్ వన్‌లో ఇంగ్లీషుకి 25 ప్రశ్నలు. ఒక్కోదానికి రెండు మార్కులు, తప్పు పెడితే అర మార్కు కోత. మొదటి అటెంప్ట్‌లో నేను ఒక్క 'ఫర్' దగ్గర రెండున్నర మార్కులు పోగొట్టుకున్నాను. తప్పు కనిపెట్టమన్న వాక్యం ఇంచుమించు ఇలా ఉంది: 'వుయ్ ఆర్ అవెయిటింగ్ ఫర్ ద రిజల్ట్స్'. చదివితే ఎంత బాగుందో! 'నో ఎర్రర్' నొక్కేసి ముందుకెళ్ళిపోయాను.

నేను చేరిన కోచింగ్ వాళ్ళు ఇచ్చిన బుక్‌లెట్‌లో వెయిట్, అవెయిట్, స్టే, రిమెయిన్, లింగర్ అన్నీ ఒకే చోట ఉండేవి. ఎదురుగా 'ఉండు, వేచియుండు' అని ఒకే అర్థం. ఎండ్యూర్, బేర్, టాలరేట్‌లకి 'సహించు, భరించు'. రోజుకి ఇరవై మాటల చొప్పున బట్టీ కొట్టాను. అర్థాలు ఇప్పటికీ నిద్రలో అడిగినా చెప్తాను. పరీక్షలో అడిగేది అర్థం కాదు కదా. ఆ వెర్బు పక్కన ఏం కూర్చుంటుంది, ఏం కూర్చోకూడదు, అది అడుగుతారు.

ఇది నాకు తలకెక్కింది తిరుమలలో. తిరుపతిలో రూము తీసుకుని చదువుకునేవాళ్ళకి తెలుసు, ఊరి నుంచి ఎవరు దర్శనానికొచ్చినా తోడు వెళ్ళాల్సింది మనమే. ఆ రోజు పుంగనూరు నుంచి మా అవ్వ వచ్చింది. వృద్ధుల లైను ఉంది కదా అనకండి, దానికి అరవై ఐదు నిండాలి, అవ్వకి ఆధార్ ప్రకారం అరవై మూడే. వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌లో కంపార్ట్‌మెంట్లో కూర్చోబెట్టారు. ఫోను కిందే ఇచ్చేశాం. జేబులో నాలుగు మడతల కాగితం ఒకటుంది, దాని నిండా ఈ వెర్బులే.

మూడు గంటలయ్యాక అవ్వ అంది: "ఇంకా ఎంతసేపురా ఇట్ల కాచుకోని ఉండాల?"

మన చిత్తూరు వైపు 'ఎదురుచూస్తున్నాం' అనరు, 'కాచుకోని ఉండాం' అంటారు. కాచడం అంటే కాపలా కాయడం, కనిపెట్టి చూడటం. ఇంగ్లీషు 'వెయిట్' కూడా పాత ఫ్రెంచిలోంచి వచ్చినప్పుడు కనిపెట్టి చూడటం, మాటు వేయడం అనే అర్థంలోనే వచ్చింది. 'వాచ్', 'వేక్' దీనికి దూరపు చుట్టాలు. అవ్వ మాటకీ ఆ మాటకీ పుట్టుక వేరైనా ఆలోచన ఒక్కటే అనిపించి అక్కడే నవ్వొచ్చింది. "ఏమిరా నవ్వుతావు, గమ్మునుండు" అని గదిమింది.

సరే, అసలు విషయం. మనం ఈ వెర్బుల్లో తప్పు చేసేది ఇంగ్లీషు రాక కాదు, తెలుగు బాగా రావడం వల్ల. ఒక్కో తప్పు వెనక ఒక తెలుగు ముక్క ఉంటుంది. 'ఫలితాల కోసం ఎదురుచూస్తున్నాం' అంటాం. ఆ 'కోసం' చెయ్యి పట్టుకుని 'ఫర్' రాయిస్తుంది. వెయిట్ దగ్గర అది సరిపోతుంది. అవెయిట్‌కి మాత్రం ఆబ్జెక్ట్ నేరుగా వచ్చేస్తుంది, మధ్యలో ఎవరూ అక్కర్లేదు.

'రెండు గంటల నుంచి చూస్తున్నాను' దగ్గర రెండు గోతులు. 'నుంచి' వల్ల 'సిన్స్', 'చూస్తున్నాను' వల్ల 'యామ్ వెయిటింగ్'. రెండూ తప్పే. 'ఐ హ్యావ్ బీన్ వెయిటింగ్ ఫర్ టూ అవర్స్' అనాలి. అయిదింటి నుంచి అని గడియారంలో ఒక చోటు చూపిస్తేనే సిన్స్. కంపార్ట్‌మెంట్లో పక్కన కూర్చున్న పిల్లాడు వాళ్ళ నాన్నని "ఎప్పటి నుంచి కూర్చున్నాం?" అని అడిగిన ప్రతిసారీ నేను మనసులో ఈ వాక్యం సరిచేసుకుంటూ ఉన్నాను. వాడు చాలాసార్లే అడిగాడు.

నాకు ఎక్కువ మార్కులు మిగిల్చింది రిమెయిన్. 'రెండు సీట్లు మిగిలి ఉన్నాయి' అన్నప్పుడు ఆ 'ఉన్నాయి' చూసి 'టూ సీట్స్ ఆర్ రిమెయిన్డ్' అని రాస్తాం. రిమెయిన్‌కి పాసివ్ లేదు. 'టూ సీట్స్ రిమెయిన్', అంతే. ఇంకోటి, 'మౌనంగా ఉన్నాడు'. 'గా' కనపడగానే 'సైలెంట్లీ' అనబుద్ధవుతుంది. 'హీ రిమెయిన్డ్ సైలెంట్' కరెక్టు. ఇక్కడ రిమెయిన్ 'బీ' లాంటిది, దాని పక్కన అడ్జెక్టివ్ వస్తుంది. 'స్టే కామ్' కూడా ఇంతే. అవ్వ అన్న 'గమ్మునుండు'ని ఇంగ్లీషులో పెట్టి చూసుకోండి, ఇక మర్చిపోరు.

ఫ్రేజల్ వెర్బుల్లో 'పుట్ అప్' తిరుపతి వాళ్ళకి సులువు. లాడ్జిలో దిగితే 'పుట్ అప్ ఎట్', ఆ లాడ్జిలో దోమల్ని భరిస్తే 'పుట్ అప్ విత్'. 'అబైడ్' పక్కన 'బై' వస్తే ఉండటం పోయి నిబంధనకి కట్టుబడటం అవుతుంది. 'కాంట్ స్టాండ్' తర్వాత వెర్బు వస్తే మామూలుగా ఐఎన్‌జీ రూపంలో వస్తుంది. ఎండ్యూర్ లాటిన్‌లో గట్టిపడటం అనే మాట నుంచి వచ్చింది. మనం గుండె రాయి చేసుకోవడం అంటాం చూడండి, అదే.

తర్వాత నోట్సు మార్చేశాను. పేజీకి ఎడమ వైపు తెలుగు వాక్యం, అందులో మోసం చేసే ముక్క కింద ఎర్ర గీత. కుడి వైపు ఇంగ్లీషు వాక్యం. రోజుకి ఐదే, కానీ అన్నీ నేను అల్లిన వాక్యాలే: మెస్సు, రూము అద్దె, ఆర్టీసీ బస్సు. టైర్ టూలో ఇంగ్లీషు 45 ప్రశ్నలు, ఒక్కోటి మూడు మార్కులు, తప్పుకి ఒక మార్కు పోతుంది. అక్కడ అర్థాలు మాత్రమే తెలిసినవాళ్ళు ఎక్కువ నష్టపోతారని నా అభిప్రాయం.

ఆ కాగితం మీద చివరి మాట 'బేర్'. బేర్, బోర్, బోర్న్. భరించడం అన్నప్పుడు మూడో రూపానికి చివర 'ఈ' అక్షరం ఉండాలి, అది లేకపోతే పుట్టడం. కంపార్ట్‌మెంట్లో పాలు పంచినప్పుడు అవ్వ చేతిలో గ్లాసు తొణికి సరిగ్గా ఆ 'ఈ' మీద పడింది. అక్షరం అలుక్కుపోయింది. నా దగ్గర పెన్ను లేదు. గేటు తీసేదాకా వేలితో అరచేతిలో ఆ 'ఈ' దిద్దుకుంటూ కూర్చున్నాను.