రోల్‌ప్లే సాధన: పర్లాకిమిడిలో తొమ్మిది ఆదివారాలు

కిందటేడు విశాఖపట్నంలో ఒక బ్యాంకు ఉద్యోగపు ఇంటర్వ్యూలో ప్రశ్నలన్నిటికీ నిలకడగానే జవాబులు చెప్పాను గాని, ఆ తరువాత వచ్చిన రోల్‌ప్లేలో, అంటే ఇచ్చిన పాత్రలో ఉండి మాట్లాడే పరీక్షలో, నిలవలేకపోయాను. పరిస్థితిని వివరించే కాగితం చేతికిచ్చి, చదువుకోవడానికి 10 నిమిషాలు, మాట్లాడడానికి మరో 10 నిమిషాలు ఇచ్చారు. ఎదుట ఒకరు కోపంగా ఉన్న ఖాతాదారుగా కూర్చుంటే, మూలన మరొకరు మార్కుల కాగితంతో గమనిస్తున్నారు. నాలుగు నిమిషాల్లోనే పరిష్కారం చెప్పేసి, మిగిలిన ఆరు నిమిషాలూ దానినే తిప్పి తిప్పి చెప్పాను. అది మనసులో నలుగుతూ ఉండడంతో నేను, చిన్నాన్న గారి అబ్బాయి, నర్సింగ్ చదువుతున్న పక్కింటి అమ్మాయి కలిసి ప్రతి ఆదివారం సాయంత్రం మా డాబా మీద సాధన మొదలుపెట్టాము. ఉద్యోగం కోసమని మొదలైనది ఇప్పుడు వారమంతా ఎదురుచూసే వ్యాపకమైంది.

మొదటి మూడు వారాలు: ఇలాంటి పరీక్షల్లో ఖాతాదారుగా నటించే మనిషికి కూడా విడిగా ఒక కాగితం ఇస్తారనీ, అడిగితేనే చెప్పవలసిన సంగతులు అందులో ఉంటాయనీ నేను ఆలస్యంగా తెలుసుకున్నాను. అందుకే ప్రతి సన్నివేశానికి రెండు చీటీలు రాస్తున్నాము. నా చీటీలో ఫిర్యాదు మాత్రమే ఉంటుంది. ఎదుటివారి చీటీలో దాని వెనుక ఉన్న అసలు అవసరం ఉంటుంది. దాచిన సంగతి బయటకు వచ్చిందా లేదా అన్నదే మా కొలత. ఆరు సన్నివేశాలలో ఒక్కసారే వచ్చింది. ఫోనులో రికార్డు చేసిన మాటలను మళ్లీ విని లెక్కపెడితే, ఒక్కో సన్నివేశంలో నేను అడిగిన ప్రశ్నలు రెండుకు మించలేదు.

నాలుగో వారం: చిన్నవాళ్లం ఒకరినొకరం కోప్పడితే నటనలాగే ఉంటోందని, బస్సు కండక్టరుగా పనిచేసి విరమించిన మావయ్యను ఖాతాదారుగా కూర్చోమని బతిమాలాను. ‘‘నిన్న పదివేలు కొట్టినాను, కాగితం వచ్చింది గానీ డబ్బులు రానేదు. ఏటి చేస్తావో చెప్పమ్మా’’ అని మెల్లగా అన్నాడు. నాకు నియమం బాగా తెలుసు. ఏటీఎంలో నగదు రాకుండా ఖాతాలో సొమ్ము తగ్గితే, ఆ రోజు తరువాత 5 రోజుల్లోగా బ్యాంకు దానిని తిరిగి జమ చేయాలి. గడువు దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలి. ఇది రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరులో ఇచ్చిన ఆదేశం. యంత్రం ఏ బ్యాంకుదైనా, ఫిర్యాదు మన కార్డు ఇచ్చిన బ్యాంకుకే చేయాలి. ఇదంతా తడబడకుండా చెప్పాను. మావయ్య కాసేపు నా ముఖంలోకి చూసి, ‘‘సర్లెమ్మా’’ అని తువ్వాలు భుజాన వేసుకొని లేచిపోయాడు. ఆయన చీటీలో ఉన్నది ఇది: తెల్లవారితే అత్తయ్యను బరంపురం పెద్దాసుపత్రికి తీసుకువెళ్లాలి, చేతిలో ఛార్జీలకు కూడా డబ్బు లేదు. అరిచే మనిషిని ఎదుర్కోవడానికే సిద్ధపడిన నాకు, అరవకుండా ఆశ వదులుకునే మనిషి ముందు ఏమి చేయాలో తెలియలేదు. ఈ తొమ్మిది వారాలలో నాకు అన్నిటికంటే ఎక్కువ నేర్పిన సాయంత్రం అది.

అయిదో వారం నుంచి ఒక కట్టుబాటు పెట్టుకున్నాను. ఫోనులో మూడు నిమిషాల అలారం పెట్టి, అది మోగేదాకా పరిష్కారం మాట ఎత్తకుండా, ఎప్పుడు జరిగింది, రశీదు ఉందా, ఈ సొమ్ముతో ఇప్పుడు ఏ పని ఆగిపోయింది అని మాత్రమే అడుగుతాను. మూడో ప్రశ్నే తాళం తీస్తోంది.

ఆరో వారం అంతా భాషతోనే సరిపోయింది. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా, ఇంటర్వ్యూలో ఇంగ్లిషు. మూడింటిలోనూ నేను వేరు వేరు మనిషిలా మాట్లాడుతున్నానని రికార్డు విన్నాక గ్రహించాను. ఇంగ్లిషులో ‘మీ బాధ అర్థమైంది’ అనే అర్థం వచ్చే వాక్యాన్ని అప్పజెప్పి ముందుకు పోతున్నాను. తెలుగులో అలా ఎవరూ అనరు. ‘‘అయ్యో, ఎప్పుడు జరిగిందండీ?’’ అంటారు. అందులో జాలీ ఉంది, ప్రశ్నా ఉంది. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరిలో ఉంటూ, ఇంత చిన్న సంగతి గుర్తించడానికి ఆరు వారాలు పట్టినందుకు నొచ్చుకున్నాను. ఇప్పుడు ప్రతి సన్నివేశాన్ని మొదట తెలుగులో ఆడి, వెంటనే ఇంగ్లిషులో ఆడుతున్నాను. ఎదుటివారు చెప్పిన తేదీనో మొత్తాన్నో మళ్లీ పలికి, ఆపైన ప్రశ్న అడుగుతున్నాను.

ఏడు, ఎనిమిది వారాల్లో తరచూ ఆలస్యంగా వచ్చే కింది ఉద్యోగితో మాట్లాడే సన్నివేశం ఆడాము. ఇది నాకు సులభంగానే వచ్చింది.

తొమ్మిదో వారం: మావయ్య మళ్లీ అదే ఫిర్యాదుతో కూర్చున్నాడు, చీటీ మాత్రం మార్చారు. రెండు నిమిషాల నలభై సెకన్లకు దాచిన సంగతి బయటపడింది: ఆ పదివేలు విత్తనాల దుకాణంలో మర్నాడే కట్టవలసిన బాకీ. ఫిర్యాదు సంఖ్య రాసి ఇస్తాననీ, దుకాణదారుకు చూపి గడువు అడగవచ్చనీ చెప్పాను. పక్కింటి అమ్మాయి మార్కుల కాగితంలో నేను వినడానికి అయిదుకు నాలుగు, ముగింపుకు రెండు వేసింది. మళ్లీ ఎప్పుడు ఫోను చేస్తానో చెప్పకుండానే సంభాషణ ముగించానని పక్కన రాసింది. వచ్చే ఆదివారం చివరి రెండు నిమిషాలనే పదిసార్లు ఆడబోతున్నాము.