ఎసెన్‌లో మెటల్ బ్యాండ్: కట్టిన రోజు నుంచి పంపకాల దాకా (నా అనుభవం)

జర్మనీలో బ్యాండ్ పెట్టడానికి ఏ ఆఫీసు గడపా తొక్కనక్కర్లేదు. చిక్కంతా అక్కడే ఉంది. ఇద్దరో ఐదుగురో ఒక పని కోసం కలిస్తే చాలు, కాగితం ముక్క లేకపోయినా చట్టం దాన్ని భాగస్వామ్యం కింద జమకడుతుంది. వాళ్ళ మాటలో గే-బే-ఎర్. వ్యాన్ అద్దె బాకీ పడిందంటే ఐదుగురిలో ఎవరి దగ్గరైనా మొత్తం సొమ్ము వసూలు చేసుకోవచ్చు, మిగతావాళ్ళ వాటా రాబట్టుకోవడం అతని తంటా. మేం 2021 అక్టోబరులో మొదలుపెట్టి 2024 డిసెంబరు 31న విడిపోయాం: ఇద్దరు గిటారిస్టులు, గాయకుడు, డ్రమ్మర్, బేస్ గిటారు మీద నేను. వాళ్ళు నలుగురూ ఎసెన్ పిల్లలే, ఇరవై దాటీ దాటని వయసు. నేను ఎమ్మెస్‌కి వచ్చినవాణ్ణి. చదువుకో ఉద్యోగానికో ఇక్కడికొచ్చి బ్యాండ్‌లో చేరదామనుకునే తెలుగువాళ్ళకి పనికొస్తుందని ఇదంతా ఒకచోట పెడుతున్నా.

ముందు గది. ఎసెన్ ఉన్న రూర్ ప్రాంతం ఒకప్పటి బొగ్గు గనుల సీమ. పేరుమోసిన మెటల్ బ్యాండ్లలో క్రియేటర్ పుట్టింది ఎసెన్ లోని ఆల్టెనెసెన్‌లో, సోడమ్ పక్కనున్న గెల్సెన్‌కిర్షెన్‌లో. ఆ పేరు చూసి పిల్లలు ఇప్పటికీ బ్యాండ్లు కడుతూనే ఉంటారు, గదులు మాత్రం పెరగవు. మాకు దొరికింది రెండో ప్రపంచ యుద్ధం నాటి బంకర్‌లో ఒక గది. ఇంకో బ్యాండ్‌తో కలిసి నెలకి 240 యూరోలు, మా వాటా 120. గోడలు అంత మందం కాబట్టి పక్కింటివాళ్ళ గొడవ లేదు. తేమ మాత్రం చంపేస్తుంది. చలికాలంలో కొలిస్తే 70 శాతం దాటేది. తీగలు వారానికే తుప్పు పట్టేవి, గిటారు మెడలు వంగేవి, ప్రతి రిహార్సల్‌కీ శ్రుతి మళ్ళీ మొదట్నించి. తేమ లాగే యంత్రం ఒకటి పెట్టి 45–55 శాతం మధ్య నిలబెట్టాకే దారికొచ్చింది. దాని తొట్టి రెండు రోజులకోసారి వంపాలి, ఆ వంతు గోడకి రాసి అంటించండి. లేకపోతే ఎవరూ వంపరు.

సౌండు దగ్గర అన్ని కొత్త బ్యాండ్లూ ఒకే పొరపాటు చేస్తాయి, మేమూ చేశాం. బరువుగా వినిపించాలని శ్రుతిని రెండు పూర్తి స్వరాలు దించి సీ (C) స్వరానికి తెచ్చాం, తీగలు మాత్రం షాపులోంచి వచ్చిన 9–42వే (తీగల మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో). అంత సన్నటి తీగ సీలో వేలాడుతుంది. గట్టిగా మీటితే మొదటి క్షణంలో స్వరం పైకి లేచి తర్వాత కిందికి దిగుతుంది. ఒక్క గిటారైతే అంతగా తెలీదు, ఇద్దరు కలిసి వాయిస్తే అపశ్రుతి. 12–56 సెట్టు వేసి, నట్ (మెడ పైచివర తీగలు ఆనే పట్టీ) గాడులు వెడల్పు చేయించి, ఇంటొనేషన్ (మెడ పొడవునా స్వరం సరిగ్గా పలకడం) మళ్ళీ సరిచేయిస్తే తగ్గింది. బేస్ అడుగు తీగ ఈ (E) నుంచి సీకి దిగితే 41 హెర్ట్జ్ కాస్తా దాదాపు 33 అవుతుంది. చిన్న హాల్లో అది స్వరం కాదు, ఉత్త గోల. నేను 40 కింద కోసేసి 700–800 దగ్గర కొంచెం లేపేవాణ్ణి. గిటారిస్టులిద్దరూ ఇంట్లో ఒంటరిగా బాగుంటుందని మిడ్ (మధ్య శ్రేణి ధ్వని) తగ్గించుకుని వచ్చేవాళ్ళు. బ్యాండ్‌లో ఆ సౌండు మాయమైపోతుంది. వినపడక వాల్యూమ్ పెంచుతారు, పక్కవాడూ పెంచుతాడు, చివరికి పాట అంటే డ్రమ్స్ తాళాల (సింబల్స్) మోత. మిడ్ వెనక్కి తీసుకొస్తే వాల్యూమ్ దానంతట అదే తగ్గుతుంది.

మా డ్రమ్మర్‌కి నిమిషానికి 190 బీట్ల పాటలు ఇష్టం. డబుల్ పెడల్ (రెండు కాళ్ళతో పెద్ద డ్రమ్‌ని కొట్టేది) మీద పదహారో వంతు స్వరాలంటే, అంటే బీటుకి నాలుగు, సెకనుకి 12కి పైగా దెబ్బలు. 150 దగ్గర మెట్రోనోమ్ పెట్టి వారానికి రెండో మూడో పెంచుకుంటూ పోవాలి తప్ప దగ్గరదారి లేదు. మెట్రోనోమ్ క్లిక్ లేకుండా ప్రాక్టీస్ చేసిన పాట స్టేజీ మీద పది బీట్లు పెరుగుతుంది. అప్పుడు కాళ్ళు అందుకోలేవు, తప్పు మాత్రం గిటార్లదనిపిస్తుంది.

ఇక కాగితాలు. స్టూడెంట్ వీసా మీద ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులు పనిచేయొచ్చు (2024 మార్చికి ముందు 120, 240). ఆ లెక్క ఉద్యోగానికి. బ్యాండ్ రుసుంలో వాటా తీసుకుంటే అది స్వయం ఉపాధి, దానికి విదేశీయుల కార్యాలయం అనుమతి ముందే ఉండాలి. నివాస అనుమతి కార్డుతో వచ్చే అదనపు కాగితంలో ఏం రాసుందో ఒకసారి తీసి చూసుకోండి. నా అనుమతి చేతికొచ్చేదాకా నేను పైసా తీసుకోలేదు, నా వాటా గది అద్దెలోనూ సర్దలేదు. భారతీయ డ్రైవింగ్ లైసెన్సు ఇక్కడ నివాసం మొదలైన ఆరు నెలల దాకానే చెల్లుతుంది. ఆ తర్వాత రాత పరీక్ష, డ్రైవింగ్ పరీక్ష రెండూ రాసి కొత్తది తెచ్చుకోవాల్సిందే. బ్యాండ్ వ్యాన్ నడుపుతానని ముందే మాటివ్వకండి.

పన్ను కార్యాలయంలో బ్యాండ్ పేరు మీద వేరే నంబరు తీసుకోవాలి, పన్నుల ఆన్‌లైన్ పోర్టల్ ఎల్స్టర్‌లో ఫారం నింపితే వస్తుంది. చిన్న వ్యాపారుల నియమం కింద వ్యాట్ వేయనక్కర్లేదు. 2025 నుంచి ఆ గీత ముందు ఏడాది రాబడి 25,000 యూరోలు, అంతకుముందు 22,000. మేం దాని దరిదాపుల్లో కూడా లేం. కానీ మాకు అస్సలు తెలియని గుంట ఒకటుంది: టీషర్టులు. కచేరీ రుసుం కళాకారుడి ఆదాయం, టీషర్టు అమ్మకం వర్తకం. భాగస్వామ్యంలో వర్తకం రాబడి మొత్తంలో 3 శాతాన్నో, ఏడాదికి 24,500 యూరోలనో దాటితే మొత్తం ఆదాయానికీ వర్తకం రంగు అంటుకుంటుంది. ఈ లెక్క 2014లో సర్వోన్నత పన్ను న్యాయస్థానం ఒక కార్నివాల్ పాటల బృందం కేసులో తేల్చింది. మాకు 2023లో రుసుములు 4,200, టీషర్టులు 1,900. మూడు శాతమెక్కడ, ఇదెక్కడ! లాభం 24,500 లోపు కాబట్టి వర్తక పన్నేమీ పడలేదు గానీ, వర్తకం నమోదు, అదనపు ఫారాలు తప్పలేదు. టీషర్టుల వ్యాపారాన్ని మొదటి రోజు నుంచే ఒకరి సొంత పేరు మీద విడిగా నడిపి, లెక్కా ఖాతా వేరుగా పెట్టుకుంటే ఈ తలనొప్పి ఉండదు.

గేమా గురించి ఇక్కడ అందరూ తిట్టుకుంటారు, సగం మందికి అదేం చేస్తుందో తెలీదు. బహిరంగంగా వాయించే సంగీతానికి రుసుం వసూలు చేసి పాట కట్టినవాళ్ళకి, రాసినవాళ్ళకి పంచే సంస్థ అది. క్లబ్బులో డబ్బు కట్టేది నిర్వాహకుడు. ఏ పాటలు వాయించారో జాబితా వెళ్ళకపోతే, పాట ముందే నమోదై ఉండకపోతే, ఆ డబ్బు మీ దగ్గరికి దారి కనుక్కోలేదు. సీడీ అచ్చు వేయించాలన్నా ఫ్యాక్టరీవాళ్ళు గేమా కాగితం అడుగుతారు. వాయించినవాళ్ళ హక్కులకి వేరే సంస్థ ఉంది, గే-ఫౌ-ఎల్. అందులో చేరడం ఉచితం, డ్రమ్మర్లు తప్పకుండా చేరాలి. ఎందుకో చివర్లో తెలుస్తుంది.

రికార్డింగ్ నాలుగు పాటలు. డ్రమ్స్ మాత్రం స్టూడియోలో రెండు రోజులు, గిటార్లు ఇంట్లో నేరుగా కంప్యూటర్‌లోకి, తర్వాత స్టూడియో ఆంప్ (ఆంప్లిఫయర్) లోంచి మళ్ళీ పంపడం. ఒక్కో రిథమ్‌ని రెండుసార్లు విడివిడిగా వాయించి ఎడమకీ కుడికీ వేశాం. ఒకే టేక్‌ని కాపీ చేసి రెండు పక్కలా పెడితే వెడల్పు రాదు. ఇక్కడ జరిగిన పొరపాటు: స్టూడియో 48 కిలోహెర్ట్జ్ శాంప్లింగ్ రేటులో తీసింది, ఒక గిటారిస్టు ఇంట్లో 44.1లో. మార్చకుండా కలిపితే గిటార్లు దాదాపు తొమ్మిది శాతం వేగంగా, ఒకటిన్నర సెమీటోన్ పైన పలికాయి. ఒక సాయంత్రమంతా తీగల్నే అనుమానించాం.

స్టేజీకి వెళ్ళేవాళ్ళు మూడు కాగితాలు ముందే పంపాలి: ఎవరెక్కడ నిలబడతారో బొమ్మ, చానెళ్ళ జాబితా (మాకు 14), ఏం తెచ్చుకుంటామో ఏం కావాలో. డ్రమ్ సెట్టు, గిటారు స్పీకరు పెట్టెలు ఆ రాత్రి వాయించే మూడు బ్యాండ్లూ కలిపి వాడతాయి. స్నేర్, తాళాలు, పెడల్ ఎవరివి వాళ్ళు తెచ్చుకోవాలి. ఒక బ్యాండ్ దిగి ఇంకోటి ఎక్కే మార్పిడికి 15 నిమిషాలిస్తారు, అందులో పూర్తి సౌండ్ చెక్ అనుకోవడం అత్యాశ, ఒక్కో చానెల్ పలుకుతుందో లేదో చూసుకుంటే గొప్ప. ప్రేక్షకుల చోట అరగంట సగటు 99 డెసిబెల్స్ దాటకూడదని ఇక్కడ ప్రమాణం ఉంది, డిన్ 15905-5. చిన్న క్లబ్బులో గట్టిగా కొట్టే డ్రమ్మరూ రెండు పెద్ద పెట్టెలూ కలిసి ఆ కోటాలో చాలాభాగం తినేస్తే సౌండు ఇంజినీరుకి గాయకుణ్ణి పెంచడానికి చోటుండదు. పెట్టెల్ని ప్రేక్షకుల వైపు కాకుండా అడ్డంగా తిప్పి పెట్టడం దానికి సగం మందు. వైర్‌లెస్ వాడితే 863–865 మెగాహెర్ట్జ్ లైసెన్సు లేకుండా చెల్లుతుంది, కాకపోతే మూడు బ్యాండ్లవాళ్ళూ అందులోనే ఇరుక్కుంటారు.

2023 నాటికి మా ఊరి బయట కూడా పిలుపులొచ్చాయి, పెద్ద బ్యాండ్ల ముందు 35 నిమిషాలు. పైకి ఎదగడమంటే ఇదే. ఖర్చు ఎదిగినంత రాబడి ఎదగదు. ముందు వాయించే బ్యాండుకి 150, 200 ఇస్తారు, వ్యాన్ అద్దె, డీజిల్‌కే అంతకు మించి పోతుంది. మూడున్నర టన్నుల వ్యాన్‌లో ఐదుగురు మనుషులు, నలభై కిలోల పెట్టెలు రెండు, సీడీలు, టీషర్టులు. ఒకసారి తూకం వేయించుకోండి, గీత దాటితే జరిమానా డ్రైవర్ మీద పడుతుంది. దానికి తోడు డ్రమ్మర్‌కి మ్యూనిక్‌లో ఉద్యోగం వచ్చింది, ఆరువందల కిలోమీటర్లు. గాయకుడు సాహిత్యానికి తగ్గ వాటా అడిగాడు. 2024 సెప్టెంబరులో ఇద్దరూ వెళ్ళిపోతామని రాసిచ్చారు.

ఇక్కడ తేదీలు తెలిసుండాలి. ఒప్పందంలో వేరే మాట లేకపోతే మూడు నెలల గడువుతో, క్యాలెండర్ సంవత్సరం ఆఖరికే బయటికి వెళ్ళగలరు. అంటే సెప్టెంబరు 30 లోపు నోటీసు చేతికందాలి. అక్టోబరు 1న ఇస్తే ఇంకో ఏడాది. 2024 జనవరి 1న చట్టం మారింది. అంతకుముందు ఒకరు నోటీసిస్తే భాగస్వామ్యమే రద్దయ్యేది, ఇప్పుడు అతనొక్కడే వెళతాడు, మిగతావాళ్ళు అతని వాటా విలువ కట్టిచ్చి కొనసాగొచ్చు. మేం ముగ్గురం కొనసాగడానికి అడ్డొచ్చింది పేరు. కాబట్టి ఐదుగురం సంతకం పెట్టి మొత్తం రద్దు చేసుకున్నాం.

పేరు కథ ఇది. ట్రేడ్‌మార్కుకి ఆన్‌లైన్‌లో 290 యూరోలు, అందులోనే మూడు తరగతులు: రికార్డింగులకి 9, బట్టలకి 25, కచేరీలకి 41. పాత మార్కులతో పోలిక ఉందో లేదో పేటెంట్ కార్యాలయం చూడదు, మనమే వెతుక్కోవాలి. నమోదు ప్రకటించాక మూడు నెలలు అభ్యంతరాల గడువు. 2022లో మొదటి గిటారిస్టు తన కార్డుతో, తన ఒక్కడి పేరున కట్టేశాడు. దురుద్దేశం లేదు, ఆ రోజు కార్డు అతని దగ్గరే ఉంది. రెండేళ్ళ తర్వాత ఆ 290 యూరోలే అన్నిటికన్నా ఖరీదైన ఖర్చయింది. ఈ దేశపు మెటల్‌లో ఇది కొత్తేమీ కాదు. డ్యుసెల్‌డోర్ఫ్ బ్యాండు వార్లాక్ పేరు మేనేజరు చేతికి పోతే గాయని డోరో పెష్ 1989 ఆల్బం నుంచి తన పేరు మీదే పాడాల్సి వచ్చింది, పాత పేరు మళ్ళీ ఆమె చేతికొచ్చింది 2011లో. మేం చేసిన ఏర్పాటు: మార్కు అతని పేరునే ఉంటుంది, ఐదుగురిలో కనీసం ముగ్గురు లేకుండా ఆ పేరుతో ఎవరూ స్టేజీ ఎక్కకూడదు. ఐదేళ్ళు వాడకపోతే ఎవరైనా దాన్ని కొట్టేయించొచ్చన్నది కూడా ఆ కాగితంలోనే రాశాం.

వస్తువుల పంపకంలో మొదటి ప్రశ్న: ఎవరు కొన్నారు కాదు, ఎవరు దేనికని తెచ్చారు. వాడుకోవడానికి తెచ్చిన సొంత ఆంప్ అతనిదే, అది పంపకంలోకి రాదు. బ్యాండ్ ఖాతాలోంచి కొన్న మిక్సరు, లైట్లు, తేమ యంత్రం ఉమ్మడి. ముందు బాకీలు తీర్చి, తర్వాత పెట్టుబడులు తిరిగిచ్చి, మిగిలింది పంచాలి. ఉమ్మడి వస్తువుల దగ్గర మావైపు అన్నదమ్ముల పద్ధతి చెప్పాను: పెద్దవాడు వాటాలు వేయాలి, చిన్నవాడు ముందు కోరుకోవాలి. జర్మన్ పిల్లలకి అది తెగ నచ్చింది, గంటలో తేలిపోయింది. మిగిలిన 37 టీషర్టుల్లో ఒక్కటీ ఎల్ లేదు, ఎక్సెల్ లేదు. మెటల్ జనానికి ఎస్ సైజు వేయించకండి.

పాటలు మాత్రం పంచుకోలేం. కలిసి కట్టిన పాట విడదీయరానిదైతే వాడాలన్నా మార్చాలన్నా అందరి ఒప్పుదల కావాలి, అకారణంగా అడ్డుపడటం మాత్రం కుదరదు. మెటల్‌లో రిఫ్ (పాటలో మళ్ళీ మళ్ళీ వచ్చే గిటారు పలుకు) తెచ్చినవాణ్ణి కర్త అంటారు, డ్రమ్ బాణీ సాధారణంగా వాయింపు కిందికే పోతుంది. పాటని మార్చేసిన బ్లాస్ట్ బీట్ (డ్రమ్స్ మీద అతివేగంగా దంచే బాణీ) తనదేనని మా డ్రమ్మర్ వాదన, వినడానికి న్యాయంగానే ఉంది, కాగితం మీద లేదు. గే-ఫౌ-ఎల్ వాటా ఒక్కటే అతనికి మిగిలింది. ఏ పాటకి ఎవరికెంతో ఆ పాట పూర్తయిన రాత్రే రాసి ఐదుగురూ ఫోటో తీసుకోవాలి. స్ట్రీమింగ్ ఖాతా ఏడాది చందాది కాబట్టి చందా ఆగితే పాటలు కనపడకుండా పోతాయి. రెండో గిటారిస్టు కడుతున్నాడు, రాబడి చందాకి మించితే ఐదు వాటాలు.

పని మానేసినట్టు పన్ను కార్యాలయానికి నెల లోపు తెలపాలి. గది నోటీసు, డిపాజిట్ వెనక్కి, ఒప్పుకున్న రెండు కచేరీల రద్దు, బ్యాంకు ఖాతా మూసివేత, ఈ వరుసలోనే చేయండి. ఖాతా ముందే మూస్తే డిపాజిట్ ఎక్కడికి రావాలో తెలీదు. మాకు చివరికి తలకి 61 యూరోలొచ్చాయి. రసీదులు ఎనిమిదేళ్ళు దాచాలి, 2024 చివరిదాకా అది పదేళ్ళు. మా చివరి బిల్లు 2025 ఫిబ్రవరిది. రసీదుల పెట్టె నా అలమరలో, ఆ ఎస్ సైజు టీషర్టుల కింద, 2033 డిసెంబరు దాకా ఉంటుంది.