ఇన్సులిన్ ఇస్తున్నా పిల్లలు ఐసీయూకి ఎందుకొస్తున్నారు?

టైప్ 1 మధుమేహం (ఒంట్లో ఇన్సులిన్ తయారుకాని జబ్బు) ఉన్న పిల్లలు కీటోయాసిడోసిస్‌తో, అంటే ఇన్సులిన్ లేక రక్తం ఆమ్లంగా మారే ప్రమాదకర స్థితితో, ఆసుపత్రికి వచ్చినప్పుడు కేస్ షీటులో మేం రాసే కారణం చాలాసార్లు ఒకటే: ఇన్సులిన్ ఆపేశారు. ఎందుకు ఆపారన్నది రాయడానికి ఆ కాగితంలో గడి ఉండదు. తల్లిదండ్రుల నిర్లక్ష్యమన్న మాట మాత్రం వార్డులో సులువుగా వచ్చేస్తుంది. పిల్లల వైద్యురాలిగా నేను ఆ మాటను ఒప్పుకోలేను.

ఒంట్లో ఇన్సులిన్ లేనప్పుడు శరీరం కొవ్వును కరిగించుకుంటుంది, కీటోన్లు పేరుకుని రక్తంలో ఆమ్లత్వం పెరుగుతుంది. వాంతులు, కడుపునొప్పి, ఆయాసంతో మొదలై స్పృహ తప్పేదాకా పోతుంది. జ్వరమో విరేచనాలో పట్టుకుని బిడ్డ అన్నం ముట్టని రోజున ఈ ప్రమాదం మరీ ఎక్కువ. సరిగ్గా ఆ రోజునే, ఏమీ తినని బిడ్డకు సూది వేస్తే షుగర్ పడిపోతుందేమోనని భయపడి తల్లి ఇన్సులిన్ ఆపుతుంది. షుగర్ చూసే స్ట్రిప్పులు సరిపడా ఉంటే కొన్ని గంటలకోసారి వేలు గుచ్చి చూసి మోతాదు సర్దుకోవచ్చు. డబ్బాలో మిగిలిన నాలుగింటితో నెలాఖరుదాకా నెట్టుకురావలసిన ఇంట్లో, షుగర్ ఎంతుందో తెలియకుండా సూది వేయడానికి ఏ తల్లికైనా చెయ్యి రాదు.

ఇన్సులిన్ వేస్తున్న ఇళ్లలోనూ మోతాదు తప్పుతూనే ఉంటుంది. మన దగ్గర ఎక్కువగా దొరికే సీసాలో మిల్లీలీటరుకు 40 యూనిట్లుంటాయి, దానికి ఎర్ర మూత సిరంజి వాడాలి. మందుల షాపులో అది లేక నారింజ మూత ఉన్న 100 యూనిట్ల సిరంజి చేతికిస్తే, 20వ గీత దాకా తీసినా బిడ్డ ఒంట్లోకి వెళ్లేది 8 యూనిట్లే. ఇక ఫ్రిజ్ లేని ఇళ్లలో సీసాను తడి ఇసుక పోసిన కుండలో దాచుకోవడం మంచి పద్ధతే, కానీ అది కూడా ఎవరో ఒకరు కూర్చోబెట్టి చెప్పాలి.

అసలు జబ్బు బయటపడకముందే ఐసీయూకి చేరే పిల్లల సంగతి ఇంకా బాధాకరం. బిడ్డ చిక్కిపోతూ, మాటిమాటికీ నీళ్లు తాగుతూ, మానేసిన పక్కతడపడం మళ్లీ మొదలుపెడితే, ఒకరోజు కూలి పోగొట్టుకుని పట్నం వెళ్లలేని కుటుంబం ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికే వెళ్తుంది. అక్కడ గ్లూకోమీటరుతో ఒక్క చుక్క రక్తం చూడకుండా, నీరసమని గ్లూకోజు సెలైన్ ఎక్కిస్తే పరిస్థితి మరింత విషమిస్తుంది.

ఇన్సులిన్ ఉచితంగా ఇస్తే చాలదా అని అడిగేవారికి నేను ఇంగ్లండ్‌ను చూపిస్తాను. అక్కడ మధుమేహం ఉన్నవారు ఇన్సులిన్‌కు డబ్బు కట్టనక్కర్లేదు. అయినా ఏటా వెలువడే పిల్లల మధుమేహ జాతీయ ఆడిట్‌లో వెనుకబడిన ప్రాంతాల పిల్లల హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చూపే రక్తపరీక్ష) ఎక్కువగాను, వారికి అందే ఇన్సులిన్ పంపులు (ఒంటికి తగిలించుకుంటే ఇన్సులిన్‌ను కొద్దికొద్దిగా ఎక్కించే పరికరాలు) తక్కువగాను కనిపిస్తూ వచ్చాయి.

2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ ఎన్నో పేద కుటుంబాలను అప్పుల నుంచి కాపాడిందనడంలో నాకు సందేహం లేదు. అయితే అలాంటి పథకాల చూపు ప్రధానంగా ఆసుపత్రిలో చేరాక జరిగే చికిత్స మీదే ఉంటుంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఇన్సులిన్‌తోపాటు దానికి తగిన సిరంజీలు, నెలకు సరిపడా స్ట్రిప్పులు ఇవ్వాలి. జ్వరం వచ్చిన రాత్రి ఏం చేయాలో ఫోనులో చెప్పే మనిషి ఒకరుండాలి. ఈలోగా మేం వార్డులోనే చేయగలిగినది ఒకటుంది: డిశ్చార్జి చీటీ రాసేముందు సూది ఎవరు వేస్తారు, సీసా ఎక్కడ దాస్తారు, ఇంట్లో స్ట్రిప్పులు ఎన్ని మిగిలాయి అని అడిగి, వాళ్లు చెప్పిన జవాబులను కేస్ షీటులోనే రాయడం.