‘డాన్సర్లకి ఇది మామూలే’ అన్న మాట

ఇంగ్లండ్‌లో మా ఏరియా డాక్టరు ఆ మాట అన్నప్పుడు నాకు పదహారేళ్ళు. ఏడు నెలలుగా నెలసరి లేదు. బాలే స్కూల్లో ఉన్నానని వినగానే “డాన్సర్లకి ఇది మామూలే” అని గర్భనిరోధక మాత్రలు రాసిచ్చేశారు. నెలనెలా రక్తం కనబడింది, నయమైపోయిందని అమ్మా నేనూ అనుకున్నాం. అది మాత్ర ఆపిన రోజుల్లో వచ్చే రక్తస్రావం మాత్రమే. అండాశయాలు నిద్రపోతూనే ఉన్నాయి, ఎముకలు పలచబడుతూనే ఉన్నాయి. ఆ మాత్రలు ఎముకని కాపాడవు, పైగా ఒంటికి తిండి చాలకపోవడమనే అసలు జబ్బు బయటపడకుండా కప్పేస్తాయి. మా బాలే టీచరు మీద కంటే ఆ డాక్టరు మీదే నాకు ఇప్పటికీ ఎక్కువ కోపం.

టీచరు చేసింది చిన్నదని కాదు. బార్ (సాధనకి గోడ వెంట ఉండే కడ్డీ) పట్టుకుని అద్దం ముందు నిలబడితే, తొడ లోపలివైపు చర్మాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని “ఇది కండ కాదు” అనేవారు, పదిమంది చూస్తుండగా. పదమూడు, పద్నాలుగేళ్ళకి తుంటి వెడల్పవడం ఎదుగుదల. అక్కడ దాన్ని క్రమశిక్షణ లేకపోవడంగా లెక్కేశారు. సన్నబడిన వారం మాత్రం ముందు వరసలో చోటు. ఇంటికి ఫోన్ చేసి ఏడిస్తే అమ్మ “గురువు తిట్టినా మన మంచికేనమ్మా” అంది. కూచిపూడి నేర్చుకుంటూ పెరిగిన మనిషి, ఆవిడకి తెలిసింది అదే. 2019లో వియన్నా స్టేట్ ఒపేరా బాలే అకాడమీ మీద వేసిన కమిషన్, పిల్లల్ని సన్నగా ఉండటానికి సిగరెట్లు కాల్చమన్నారని బయటపెట్టింది. అది చదివాక గానీ, తప్పు నా ఒంటిది కాదని అమ్మకి, నాకు అర్థం కాలేదు.

మొదట లొంగింది పాదం. ముని వేళ్ళ మీద నిలబడితే బరువు ఎక్కువగా రెండో వేలి వెనకున్న పొడవాటి ఎముక మొదట్లో పడుతుంది. అక్కడ సన్నటి పగులు వస్తే తొలి వారాల్లో ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు. నాకు బెణుకన్నారు. నెలన్నర తర్వాత ఎం.ఆర్.ఐ.లో తేలింది.

అసలు లెక్క ఇదీ. ఒంట్లో కొవ్వు తీసేయగా మిగిలిన బరువులో కిలోకి రోజుకి సుమారు 45 కేలరీలు ఉండాలి. అది 40 కిలోలైతే 1800. ఐదు గంటల క్లాసులో కరిగేది దీనికి అదనం. అంత అందకపోతే ఒళ్ళు పొదుపు మొదలెడుతుంది. నెలసరి, ఎముక, గుండె వేగం, అన్నిట్లోనూ కోత పెడుతుంది. 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ దీనికి రెడ్-ఎస్ అని పేరు పెట్టింది. నా బరువు ఎంతకి పడిందో ఇక్కడ రాయను. సన్నబడాలని తిండి తగ్గించుకుంటూ పోయే ఈ జబ్బులో ఉన్నవాళ్ళు ఆ అంకెతో పోటీకి దిగుతారు.

హాస్పిటల్లో చేర్చిన రోజు, కండలో బలం ఎంత మిగిలిందో చూడటానికి నేలమీద గొంతుక్కూర్చుని, చేతులు ఆన్చకుండా లేవమన్నారు. ఏళ్ళ తరబడి రోజూ ప్లియేలు (మోకాళ్ళు వంచి లేవడం) చేసినదాన్ని, లేవలేకపోయాను.

మూడో రాత్రి మర్చిపోలేను. నిద్రలో గుండె వేగం నిమిషానికి 34కి పడి మానిటర్ మోగింది. అప్పుడే రక్తపరీక్ష వచ్చింది: ఫాస్ఫేట్ లీటరుకి 0.4 మిల్లీమోల్. కనీసం 0.8 ఉండాలి. ఎండిపోయిన ఒంటికి తిండి పడగానే ఇన్సులిన్ ఎగసి రక్తంలోని ఫాస్ఫేట్‌ని కణాల్లోకి లాగేస్తుంది. గుండె లయ తప్పేది అక్కడే. అందుకే తిండి పెంచడం ఒక లెక్క ప్రకారం, ముందు థయమిన్ (బి1 విటమిన్) ఇచ్చి, రోజూ ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియం చూస్తూ చేస్తారు. అమ్మ సాయంత్రం స్టీలు డబ్బాలో పెరుగన్నం తెచ్చింది. ఇప్పుడే వద్దని నర్సు చెబితే, ఆ డబ్బా ఒళ్ళో పెట్టుకుని తెల్లారేదాకా నా డ్రిప్పు చుక్కలు చూస్తూ కూర్చుంది. ఆ నర్సు ప్రతి పావుగంటకీ వచ్చి నా పాదాలు తాకి చూసింది. ఆవిడ చల్లగా ఉండాలి.

ఇంటికొచ్చాక వైద్యమంతా అమ్మ చేతుల్లోనే. మూడు భోజనాలు, మూడు చిరుతిళ్ళు. ఏం తినాలో, ఎంత తినాలో నిర్ణయం ఆవిడది, నాది కాదు. తిన్నాక గంటసేపు పక్కనే కూర్చునేది. నేను కంచం విసిరినా గొంతు పెంచకుండా మళ్ళీ వడ్డించేది. ఆ రోజు ఫోన్లో గురువు మాట అన్నందుకు అమ్మని అప్పుడే క్షమించేశాను. ఆ తర్వాత కూడా కొన్ని రాత్రులు కోపం తిరిగొచ్చేది.

ఆడపిల్లని డాన్సులో పెట్టినవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి. వరసగా మూడు నెలలు నెలసరి రాకపోయినా, పదిహేను నిండినా రజస్వల కాకపోయినా మాత్రలతో సరిపెట్టనివ్వకండి. నాడి ఎంతుందో చూడమనండి. పడుకున్నప్పుడు, నిలబడ్డప్పుడు బీపీ తీయించండి. రక్తపరీక్షలు, ఎముక సాంద్రతకి డెక్సా స్కాన్ అడగండి. మెలకువగా ఉన్నప్పుడు నాడి 40 లోపుంటే ఆ రోజే హాస్పిటల్‌కి తీసుకెళ్ళండి.

నాకు నెలసరి తిరిగి రావడానికి 14 నెలలు పట్టింది. ఫాస్ఫేట్ పడిపోయిన ఆ రాత్రే అమ్మ నా తలనీలాలు వెంకన్నకి మొక్కింది. అప్పటికి దువ్వెనకి గుప్పెళ్ళుగా ఊడిపోతోంది. జుట్టు ఇప్పటికి భుజాలు దాటింది. వచ్చే నెల తిరుమల వెళ్తున్నాం.