కొత్తిమీర కాడ మీద బుడిపెలు

మొన్న ఆదివారం రైతుబజార్‌లో తీసుకున్న కొత్తిమీర కట్టలో సగం కాడలు ఉబ్బి, బుడిపెలు బుడిపెలుగా ఉన్నాయి. అమ్మే ఆవిడ "పురుగమ్మా, ఆ కాడలు తీసి పారేసి వండుకో" అంది. నేను వాటినే దాచుకుని ఇంటికొచ్చి బ్లేడుతో కోశాను. పురుగు లేదు, అది తొలిచిన దారీ లేదు. ప్రోటోమైసిస్ మాక్రోస్పోరస్ అనే శిలీంధ్రం. ముప్పై ఏళ్ల తర్వాత మళ్లీ చేతిలోకి వచ్చింది.

ఆంధ్రా యూనివర్సిటీలో బోటనీ చదివే రోజుల్లో కానుగాకుల మీద బొడిపెలు చూసి శిలీంధ్రం అని రాసేశాను. "లోపల ఎవరున్నారో చూశావా అమ్మా?" అన్నారు మా మాస్టారు. ఉన్నది కంటికి ఆనని నల్లి. ఏడాకుల పాల చెట్టుకైతే రెక్కల పురుగు. ఉబ్బు మొక్కది, ఉబ్బించేది ఎవరైనా కావచ్చు.

శిలీంధ్రాల్లోనూ అంతే, ఉబ్బించేవన్నీ ఒకే కుదురువి కావు. కొత్తిమీర దాన్ని మా నోట్సులో హెమిఆస్కోమైసిటీస్ అనే వర్గం కింద రాసుకున్నాం. డీఎన్ఏ చూశాక అది టాఫ్రినోమైకోటినా అనే పాత కొమ్మకు చేరింది. పీచ్ ఆకులను ముడతలు పెట్టే టాఫ్రినా దానికి దగ్గర చుట్టం. అదే కొమ్మలో ఆఫ్రికా చిరుధాన్యాల బీరులో దొరికిన ఈస్టు ఉంది. మనిషికి న్యుమోనియా తెచ్చే న్యూమోసిస్టిస్ కూడా ఉంది! ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మొక్కజొన్న కంకిని ఉబ్బించే కాటుక తెగులు, తేయాకు మీద బొబ్బలు లేపే ఎక్సోబసిడియం పుట్టగొడుగుల వైపువి. ఆవపూత వంకర తిరిగి లావెక్కే తెల్ల కుంకుమ తెగులైతే అసలు శిలీంధ్రమే కాదు. దాని కణాల గోడలో సెల్యులోజ్ ఉంటుంది. మన బీచ్ రాళ్లకు పట్టే గోధుమరంగు నాచుకే అది దగ్గర. క్యాబేజీ వేళ్లను గడ్డలు కట్టించే ప్లాస్మోడియోఫోరాను కూడా శిలీంధ్రాల్లోంచి తీసేశారు. మేం వీటన్నిటినీ ఒకే వరసలో బట్టీ పట్టాం.

ఈ ఆదివారం ఆవిడకు చెప్పాను: పురుగు కాదు, బూజు. దాని మందపాటి బీజాలు మట్టిలో, ధనియాల్లో ఉండిపోతాయి. పురుగుమందు కొట్టి డబ్బు పోగొట్టుకోవద్దు, ఆ మడిలో కొన్నాళ్లు కొత్తిమీర వేయొద్దు, ఈ చేను ధనియాలు విత్తనానికి ఉంచొద్దు.

"మా మరిదికి సెప్తానమ్మా, ఆడు మందే కొడతన్నాడు" అంది.