సండాన్స్ మెచ్చిన మరాఠీ ప్రేమకథ

‘సబర్ బోండా’ చూసి వచ్చాను. అమెరికాలో జరిగే సండాన్స్ చిత్రోత్సవంలో 2025లో ప్రపంచ కథాచిత్రాల విభాగంలో గ్రాండ్ జ్యూరీ బహుమతి గెలిచిన సినిమా. దర్శకుడు రోహన్ కానవడేకి ఇదే తొలి పూర్తి నిడివి చిత్రం! తండ్రి పోయాక పది రోజుల మైల పట్టడానికి ముంబై నుంచి సొంతూరికి వచ్చిన ఆనంద్‌కీ, ఊళ్లోనే ఉండిపోయిన చిన్ననాటి నేస్తం బాల్యాకీ మధ్య, అంటే ఇద్దరు మగవాళ్ల మధ్య ప్రేమ. బంధువులేమో పెళ్లెప్పుడంటూ ప్రాణం తోడేస్తుంటారు (చావింట్లో కూడా వదలరు మనవాళ్లు). నన్ను కట్టిపడేసింది మాత్రం తల్లి పాత్ర. కొడుకు సంగతి ఆమెకు తెలుసు. అయినా ఏడుపులు, శాపనార్థాలు లేవు. బాల్యా నాగజెముడు పండ్లు (సినిమా పేరుకి అర్థం అదే) తెచ్చిస్తుంటే నాకే నోరూరింది. మన దేశంలో దీన్ని థియేటర్లకు తెచ్చింది రానా దగ్గుబాటి సంస్థ స్పిరిట్ మీడియా. ఇలాంటివి ఇంకో నాలుగు తెండి బాబూ, టికెట్లు కొనే పూచీ నాది!